నిల్వ ధాన్యానికి బవేరియా: మాత్రలు పూర్తిగా మానేయొచ్చా?

పాలమూరు సేద్యం

మా కొట్టంలో 40 బస్తాల వడ్లు, 6 బస్తాల కందులు ఉన్నాయి. ప్రతి ఏడాదీ సంక్రాంతి దాటితే ముక్కుపురుగు, ఉగాదికల్లా నుసిపురుగు. పోయిన ఏడాది మా వీధిలో ఒకాయన వడ్ల బస్తాల మధ్య ఫాస్ఫైడ్ మాత్రలు (పురుగును చంపే విషవాయువు వదిలేవి) పెట్టి, ఆ గోడ పక్కనే పిల్లలతో పడుకున్నాడు. అర్ధరాత్రి ఇంటిల్లిపాదికీ వాంతులు. దేవుడి దయవల్ల బతికారు. అప్పటినుంచి ఆ డబ్బా చూస్తేనే నాకు టెన్షన్.

ఈసారి బవేరియా పొడి తెచ్చాను, అది పురుగులను చంపే ఒక ఫంగస్. గాజు సీసాలో గుప్పెడు వడ్లు, 20 ముక్కుపురుగులు, చిటికెడు పొడి వేసి మూతికి గుడ్డ కట్టాను. ఆరో రోజుకు 13 పురుగులు కదలడం లేదు. చచ్చినవాటిని తీసి తడి దూది మీద పెడితే, మూడు రోజులకు కాళ్ల కీళ్ల దగ్గర, మెడ సందులో తెల్లటి నూగు మొలిచింది. మా అమ్మ భూతద్దం పెట్టి చూసి "పిండి చల్లినట్టుందిరా" అంది. ఆ ఫంగస్ పురుగు చర్మానికి అంటుకుని, మొలకెత్తి, లోపలికి దిగి చంపుతుంది. నా మాట ఒక్కటే: ఇది ఉండగా ఇళ్లలోకి విషవాయువు ఎందుకు?

గోదాం మనిషి

తమ్ముడూ, సీసా వేరు, గోదాం వేరు. 18 ఏళ్లుగా ఫ్యూమిగేషన్ పనిలో, అంటే గ్యాస్‌తో పురుగు చంపే పనిలో ఉన్నాను. 3 గ్రాముల మాత్ర ఒకటి 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ వదులుతుంది. పట్టా కప్పి, అంచులు ఇసుక పాములతో (ఇసుక నింపిన పొడవాటి సంచులు) బిగించి వారం ఉంచితే ఆ గ్యాస్ గింజ లోపలిదాకా పోతుంది. నీ ఫంగస్ అక్కడిదాకా పోదు. ముక్కుపురుగు గింజకు రంధ్రం చేసి, గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్లపురుగు పెరిగేదంతా ఆ గింజలోనే. పైన పొడి చల్లితే దానికేం తెలుస్తుంది? పైగా ఏప్రిల్‌లో రేకుల షెడ్డులో కాసేపు నిలబడి చూడు. 35 డిగ్రీలు దాటితే బవేరియా పెరగదు.

మాత్రలు ఇంట్లో పెట్టడం తప్పే, అందులో రెండో మాట లేదు. వాటిని మామూలు జనానికి అమ్మకూడదనే నిబంధన ఉంది. తప్పు అమ్మినవాడిది, వాడిన తీరుది.

మల్బరీ తోట (మదనపల్లె)

నేను పట్టుపురుగులు పెంచుతాను. ఈ బవేరియానే మాకు సున్నపుకట్టు రోగం. పురుగు బిగుసుకుపోయి సుద్దముక్కలా తయారవుతుంది, వేలు తగిలితే తెల్లపొడి రాలుతుంది. 1835లో ఇటలీలో అగోస్టినో బాసి పట్టుపురుగుల్లోనే ఈ జబ్బుకు కారణం సూక్ష్మజీవి అని నిరూపించాడు. బవేరియా బాసియానా అనే పేరులో 'బాసియానా' ఆయన పేరు మీద వచ్చిందే. మీకు మిత్రుడైన ఫంగస్ నా షెడ్డుకు మృత్యువు. పట్టు ఊళ్లలో వడ్ల కొట్టంలో ఈ పొడి చల్లి, ఆ చేతులతో, ఆ బట్టలతో మా చంద్రికల (పట్టుపురుగులు గూళ్లు కట్టే తట్టలు) దగ్గరికి రాకండి. "జీవ మందు, ఎవరికీ హాని లేదు" అని దుకాణంలో చెప్పేస్తుంటే నాకు ఏడుపొస్తుంది.

విత్తనాల గంప

అక్కా, మీ మాట అందరూ గోడకు రాసిపెట్టుకోవాలి.

గోదాం అన్న చెప్పిన వేడి సంగతి నిజం. కానీ పొడిగా ఉంటే బవేరియా పనిచేయదని కూడా చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం మాన్‌హాటన్‌లోని వ్యవసాయ శాఖ పరిశోధకులు నుసిపురుగు మీద చూశారు. తేమ తక్కువగా, వేడి ఓ మోస్తరుగా ఉండి, డయాటమ్ మట్టి (సూక్ష్మ నాచు పెంకుల పొడి) కూడా కలిసినప్పుడు ఫంగస్ ఇంకా బాగా చంపింది. ఆ మట్టి పురుగు ఒంటి మీది మైనపు పూతను పీల్చేస్తుంది, పురుగు ఎండిపోతుంది, ఫంగస్‌కు దారి సులువవుతుంది. మన అమ్మమ్మలు కందులకు ఎర్రమన్ను పట్టించేవారు, విత్తనాల కుండలో బూడిద కలిపేవారు. అది చదివాక నాకు ఆ కుండలే గుర్తొచ్చాయి.

పురుగును బట్టి కూడా ఫలితం మారుతుంది. నుసిపురుగు గుడ్లను గింజల మధ్య బయటే పెడుతుంది. పుట్టిన పిల్ల కాసేపు పాకి గింజలోకి దూరుతుంది, ఆ పాకేటప్పుడు ఫంగస్‌కు దొరుకుతుంది. ముక్కుపురుగు పెద్దదై గింజ బయటికొచ్చాకే దొరుకుతుంది. ఎర్ర పిండిపురుగు అంత సులువుగా లొంగదు. పురుగు పట్టిన పిండికి ఒక ఘాటు వాసన వస్తుందే, అది ఆ పురుగు వదిలే క్వినోన్లు అనే రసాయనాలది. అవి ఫంగస్‌ను మొలకెత్తనివ్వవు.

నిల్వ ధాన్యం కోసం ఐఎంఐ 389521 అనే బవేరియా రకాన్ని ఐరోపా యూనియన్ అనుమతించింది. ఆలోచన గాలిలోది కాదు. కానీ ఆ రకం వేరు, మన దుకాణంలో దొరికేది వేరు. పాలమూరు అన్నా, నీ ప్యాకెట్ తిప్పి చూడు. పత్తి కాయతొలుచు పురుగు, వరి ఆకుముడత లాంటివి ఉంటాయి. తినే వడ్లలో కలపమని ఉందా? లేకపోతే కలపకు. నేను చెప్పేది ఇదే: ఫంగస్ స్థానం ఖాళీ కొట్టం. వడ్లు రాకముందే గోడ పగుళ్లు, మూలలు, బస్తాలు పేర్చే చెక్కలు. పాత పురుగు దాక్కునేది అక్కడే, కొత్త పంటకు అంటుకునేదీ అక్కడినుంచే. కోతలయ్యాక, వడ్లు కొట్టంలోకి చేర్చేముందు, చలికాలంలో గోడలు చల్లగా ఉంటాయి కాబట్టి వేడి గొడవ కూడా తగ్గుతుంది.

గోదాం మనిషి

ఖాళీ గోదాం అంటే నేనూ ఒప్పుకుంటాను. ఇప్పుడు మేం గోడలకు మలాథియాన్, డెల్టామెత్రిన్ కొడుతున్నాం. అక్కడ బదులుగా వాడి చూడొచ్చు. గ్యాస్‌కు లొంగని నుసిపురుగు మన దేశంలోనూ పుట్టుకొచ్చింది కాబట్టి, మాత్రల మీదే భారం వేయడం నాకూ భయమే. కానీ పురుగు పట్టేసిన 500 బస్తాల లాటును ఫంగస్‌తో కాపాడతామంటే మాత్రం నేను సంతకం పెట్టను.

పాలమూరు సేద్యం

ప్యాకెట్ చూశాను. పత్తి పేరే ఉంది, ధాన్యం మాట లేదు. తినే వడ్లలో కలపను. విత్తనానికి పక్కన పెట్టిన 2 బస్తాల్లో మాత్రం కలుపుతాను. అవి ఎవరూ తినేవి కావు, మొలక శాతం కూడా చూసుకుంటాను. ఇంట్లోకి మాత్ర రానివ్వనన్న మాట మీద మాత్రం నేను కదలను. తినేవాటిని మళ్లీ ఎండబెట్టి, గింజ కొరికితే టక్కున విరిగేదాకా ఆరనిచ్చి, గాలి చొరబడని సంచుల్లో పోస్తాను.

మల్బరీ తోట (మదనపల్లె)

పొడి చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి తమ్ముడూ. ఆ బీజాలు పీలిస్తే ఆయాసం ఉన్నవాళ్లకు ఇబ్బంది కావచ్చు. మీ అమ్మగారిని ఆ పూట కొట్టం దగ్గరికి రానివ్వకండి. మీ ఊళ్లో పట్టు షెడ్లు ఎవరికైనా ఉన్నాయా? ముందు అది కనుక్కోండి.