532001: శ్రీకాకుళం పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యేనా?

నాగావళి గట్టు:
విజయనగరం పిన్ 535001 తొందరగానే లొంగింది: 47 × 11383. శ్రీకాకుళం 532001 మాత్రం లొంగట్లేదు. వర్గమూలం 729.4, అంటే 727 వరకు ఉన్న 129 ప్రధాన సంఖ్యలతో భాగించాలి. బోర్డు మీద చూపించేంత దగ్గరి దారి ఉందా? 2^532000ని దీనితో భాగించి శేషం 1 వస్తే చాలదా?

గంటస్తంభం:
చాలదు మాస్టారూ. 341 = 11 × 31, అయినా 2^340ని 341తో భాగిస్తే శేషం 1. పైగా 2^532000 శేషం కట్టాలంటే శేషాల్ని పదేపదే వర్గం చేస్తూ పోవాలి, ఆరంకెల శేషాన్ని వర్గం చేస్తే పన్నెండు అంకెల దాకా వస్తాయి. పదంకెల కాలిక్యులేటర్ చివరివి మింగేస్తుంది, అక్కడి నుంచి శేషాలన్నీ తప్పే.

రెండు వర్గాలుగా విడగొట్టండి: 532001 = 625² + 376². తమాషా చూడండి, 625² = 390625, 376² = 141376. వర్గం చివర మళ్లీ తామే వచ్చే మూడంకెల సంఖ్యలు ఈ రెండే. వాటి మొత్తం 1001, పిన్ చివర 001 అక్కడిదే! రెంటికీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య (7, 11, 19...) ఏదీ దీన్ని భాగించదు. 129 కాస్తా 61 అయ్యాయి.

నాగావళి గట్టు:
ఇదేటి, పిన్‌కోడ్‌కి ఇంత వైభోగమా! కానీ 61 భాగహారాలంటే పీరియడ్ అయిపోద్ది.

అరసవల్లి:
భాగహారమే అక్కర్లేదు. 4తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలిగి, ఆ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేకపోతే అది ప్రధానమే. ఇది గణిత శాస్త్రవేత్త ఆయిలర్ వాడిన పద్ధతి. కాబట్టి రెండో జత లేదని చూపితే సరి.

బేసిది x, సరిది y అనుకోండి. 8తో శేషం 1 కనుక y 4 గుణిజం. 3తో శేషం 2 కనుక రెండూ 3 గుణిజాలు కావు. 5తో శేషం 1 కనుక ఒకటి 5 గుణిజం.

x 5 గుణిజమైతే y చివర 24 గానీ 76 గానీ ఉండాలి, 3 గుణిజాలు పోను: 76, 124, 176, 224, 376, 424, 476, 524, 676, 724. వీటి వర్గాలు తీసేస్తే 376 దగ్గర తప్ప పరిపూర్ణ వర్గం మిగలదు. 676 దగ్గర పిల్లలు పొరబడతారు: మిగిలేది 75025, చూడ్డానికి వర్గంలాగే ఉంటుంది. కానీ 25 × 3001, 3001 వర్గం కాదు.

y 5 గుణిజమైతే 20 గుణిజం కూడా. అప్పుడు x²ని 400తో భాగిస్తే 1 మిగలాలి, ఇక్కడా 3 గుణిజాలు పోను: 1, 49, 151, 199, 401, 449, 551, 599, 601, 649. వర్గం తీసేసి 400తో భాగిస్తే వచ్చేవి వరసగా 1330, 1324, 1273, 1231, 928, 826, 571, 433, 427, 277. ఒక్కటీ వర్గం కాదు. 532001 ప్రధానమే.

గంటస్తంభం:
మా 535001 మీద ఇది ప్రయోగించకండి. 4తో 1 మిగులుతుంది గానీ, కారణాంకాలు 47, 11383 రెండూ 4తో 3 మిగిల్చేవే. సాయంత్రం దాకా వెతికినా జత దొరకదు.