వేడి మీద స్టార్టింగ్ సమస్య: కార్బురేటర్ కారుకు తీరింది, ఇంజెక్షన్ కారుకు తీరలేదు

రెండూ నాలుగు సిలిండర్ల పెట్రోల్ కార్లే. ఒకటి 1985 నాటి కార్బురేటర్ బండి, రెండోది 2001 నాటి ఎంపీఎఫ్‌ఐ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే రకం). బాగా తిరిగాక ఆపి, 20 నిమిషాలకు సెల్ఫ్ కొడితే రెండూ మొరాయించేవి. చల్లగా ఉంటే ఇబ్బందే లేదు.

పాతదాంట్లో ఇంజిన్ వేడికి కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె (ఫ్లోట్ బౌల్)లోని పెట్రోలు మరిగి, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోకి పొంగేది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొడితే అందుకునేది. కార్బురేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ వేసి, ఫ్లోట్ లెవెల్ తగ్గించాక పూర్తిగా కుదురుకుంది.

ఎంపీఎఫ్‌ఐ సంగతి వేరు. యాక్సిలరేటర్ తొక్కినా లాభం లేదు, తాళం రెండుసార్లు ఆన్ చేసి పంపును తిరగనిచ్చాక కొడితే మాత్రం అందుకుంటుంది. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే ఫ్యూయల్ రైల్‌కు ప్రెషర్ గేజ్ పెట్టి చూశాను: ఆపగానే 3 బార్, 20 నిమిషాలకు 1 బార్. ఫిల్టర్, కూలెంట్ సెన్సార్ మార్చాను, తేడా లేదు. పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ గొట్టం క్లాంప్‌తో నొక్కినా ప్రెషర్ అలాగే పడుతోంది, ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం పొడిగా ఉంది, కాబట్టి రెగ్యులేటర్ మీద అనుమానం లేదు. బయట ఎక్కడా తడి లేదు. ప్లగ్‌లు పొడిగానే ఉన్నాయి, కానీ స్టార్టయిన క్షణం కొంచెం నల్లపొగ వస్తోంది. పంపు నుంచి వచ్చే ఫీడ్ పైపు గట్టి ప్లాస్టిక్, నొక్కితే పగులుతుంది, కాబట్టి దానికి క్లాంప్ వేయలేను.

ట్యాంకు దించకుండా, లీకు పంపు చెక్ వాల్వ్‌దా (పెట్రోలు వెనక్కి పోకుండా ఆపేది) ఇంజెక్టర్‌దా అని ఖాయంగా తేల్చే పద్ధతి ఏది?