పాత బండికి ఫోన్ ఛార్జింగ్ పాయింట్: కనెక్షన్ ఎక్కడి నుంచి తీసుకోవాలి?

రాత్రిబండి_కూకట్‌పల్లి

అన్నలూ, నాది 2013 మోడల్ 100 సీసీ బండి. సెల్ఫ్ లేదు, కిక్కే. రోజుకు పది పన్నెండు గంటలు ఫుడ్ డెలివరీ చేస్త. మ్యాప్ నడుస్తనే ఉంటది, యాప్ నడుస్తనే ఉంటది, ఎండల స్క్రీన్ కనబడాలంటే బ్రైట్‌నెస్ మొత్తం పెంచాలె. మధ్యాహ్నం మూడు కొట్టేసరికి ఛార్జింగ్ 20 శాతానికి దిగుతది.

నిన్న రాత్రి గేటు ముందర నిలబడ్డంక ఫోన్ ఆగిపోయింది. ఇల్లు దొరికింది గానీ ఓటీపీ కొట్టేదెట్ల? వాచ్‌మన్ పెద్దాయన తన గదిల పది నిమిషాలు ఛార్జింగ్ పెట్టుకోనిచ్చిండు. ఆయన లేకుంటే ఆ ఆర్డర్ పైసలు నా మీద పడేవి.

మా గల్లీ మెకానిక్‌ను అడిగితే "హెడ్‌లైట్ వైరుకు కలిపేస్త, 150 ఇయ్యి" అన్నడు. కలిపించుకోవచ్చా? బ్యాటరీ మీద 12 వోల్టులు, 2.5 ఏహెచ్ (యాంపియర్ అవర్) అని రాసి ఉంది. తెలిసినోళ్ళు చెప్పండి.

ఆటోనగర్_వైరింగ్

హెడ్‌లైట్ వైరుకు వద్దు తమ్ముడూ. షాపులో ఉన్నాను, రాత్రికి వివరంగా రాస్తా. అప్పటిదాకా ఆ బండి ఎవరి చేతికీ ఇవ్వకు.

ఉప్పుటేరు

వైరింగ్ గొడవ ఎందుకండీ, పవర్ బ్యాంకు పెట్టుకోండి. బండి అమ్మేటప్పుడు కూడా ఇబ్బంది ఉండదు. నేను మూడేళ్ళుగా అదే వాడుతున్నా.

రాత్రిబండి_కూకట్‌పల్లి

పెట్టిన అన్నా. 10000 అని రాసి ఉన్నది కొన్న. నా ఫోన్ 5000. రెండుసార్లు నిండాలె కదా? ఒకటిన్నర సార్లకే అయిపోతది. పైగా ఎండాకాలం జేబుల పెట్టుకుంటే తొడ కాలుతది, డబ్బాల పెడితే వైరు ముందుకు అందదు. ఇంటికి పోయినంక ఫోన్ ఒకటి, అదొకటి, రెండూ ఛార్జింగ్ పెట్టాలె. రూములో నలుగురం, ప్లగ్గులు రెండు.

ఉప్పుటేరు

మీ పరిస్థితికి సరిపోదు, నిజమే. నాది రోజుకు గంట ప్రయాణం. ఒకటిన్నర సార్లు రావడం మాత్రం లోపం కాదు. ఆ 10000 లోపలి సెల్ దగ్గరి 3.7 వోల్టుల లెక్క. బయటికి 5 వోల్టులుగా మారేసరికి ఆరు, ఆరున్నర వేలే మిగులుతుంది.

ఆటోనగర్_వైరింగ్

ఇప్పుడు చెబుతా. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

నీది పాత కిక్ బండి. ఆ కాలపు చిన్న బళ్ళలో చాలావాటికి హెడ్‌లైట్, వెనక లైటు బ్యాటరీ మీద నడవవు. ఇంజన్ తిరిగినప్పుడు మాగ్నెటోలో, అంటే ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే భాగంలో, పుట్టే ఏసీ (దిశ మారుతూ ఉండే) కరెంటు మీద నేరుగా నడుస్తాయి. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు మాత్రం బ్యాటరీ డీసీ (ఒకే దిశలో వచ్చే కరెంటు) మీద. యూఎస్‌బీ ఛార్జర్‌కి కావాల్సింది డీసీ. ఏసీ వైరుకి కలిపితే ఛార్జర్ మాడిపోతుంది, లేదంటే ఫోన్‌లో ఛార్జింగ్ పడుతూ పోతూ ఉంటుంది. నెలకి నాలుగైదు బళ్ళు ఇలాగే నా దగ్గరికి వస్తాయి.

నీ బండి సంగతి తెలుసుకోవడం సులువు. కీ ఆన్ చెయ్, ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. హెడ్‌లైట్ స్విచ్ వెయ్. వెలగలేదా, అది ఏసీ. హారన్ కొట్టు. మోగిందా, అది బ్యాటరీ. కొత్త బళ్ళకి ఈ పరీక్ష పనికిరాదు. 2017 ఏప్రిల్ నుంచి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది, అందుకని కొన్నిటిలో లైటు డీసీదే అయినా ఇంజన్ స్టార్టయ్యాకే వెలిగేలా పెట్టారు. వాటికి మల్టీమీటరు (వోల్టులు కొలిచేది) పెట్టి చూడాల్సిందే.

మరి ఎక్కడి నుంచి తీసుకోవాలి? నీ బండికైతే హారన్‌కి వచ్చే ప్లస్ వైరు. చాలా బళ్ళలో కీ ఆన్ చేస్తే ఆ వైరులో ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి, బటన్ నొక్కితే ఎర్త్ (మైనస్) కలుస్తుంది. కొన్నిటిలో దీనికి తిరగేసి ఉంటుంది, అంటే బటన్ నొక్కినప్పుడే ప్లస్ వస్తుంది. అలాంటి చోట కలిపితే హారన్ కొట్టినంతసేపే ఫోన్ ఛార్జవుతుంది. కాబట్టి మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, కీ ఆన్‌లో బటన్ నొక్కకుండా ఒకసారి, కీ ఆఫ్‌లో ఒకసారి చూడాలి. మొదటిసారి 12 పైన, రెండోసారి సున్నా రావాలి. ఈ రెండు రీడింగులూ చూడకుండా వైరు కొయ్యనివ్వకు.

బ్యాటరీకి నేరుగా ఎందుకు వద్దంటున్నానంటే, ఛార్జర్ లోపల చిన్న లైటు, కొన్నిటికి వోల్టుమీటరు ఉంటాయి. ఫోన్ పెట్టకపోయినా అవి 20 మిల్లీయాంపులు తాగుతాయనుకో. 24 గంటలకి 480 మిల్లీ, అంటే దాదాపు అర యాంపియర్ అవర్. నీ బ్యాటరీ మొత్తం రెండున్నర. బండి ఐదు రోజులు కదలకుండా ఉంటే ఖాళీ. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత బలం రాదు.

సీలేరు_గాలి

పై లెక్క నా బండి మీద నిజమైపోయింది. మా చెల్లి పెళ్ళికి వారం రోజులు బండి షెడ్డులో ఉంది. నాది బ్యాటరీకి నేరుగా ఇచ్చిన కనెక్షనే. పెళ్ళయ్యాక సెల్ఫ్ కొడితే టిక్కుమని ఒక్క శబ్దం, అంతే. కిక్ లేని బండి. అనకాపల్లి దాకా తోసుకెళ్ళాం, నేనూ మా బావా. బ్యాటరీ మార్చాల్సి వచ్చింది. ఛార్జర్‌కున్న నీలం లైటు ముచ్చటగా ఉందని కొన్నాను, అదే తాగేసింది మొత్తం.

నల్లమల_బాటసారి

ఫోన్ ఒక్కటే అయితే పై అన్న చెప్పింది చాలు. దూరం వెళ్ళేవాళ్ళ కోసం నా అనుభవం రాస్తాను.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్తాను. మన్ననూరు దాటాక అడవిలో సిగ్నల్ ఉండదు. ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కుంటూనే ఛార్జింగ్ తాగేస్తుంది, మ్యాప్ వాడకపోయినా సరే. అందుకని కార్లలో ఉండే లైటర్ సాకెట్ పెట్టించుకున్నాను. షాపులో వాళ్ళు కీ లైను (కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు) నుంచే కనెక్షన్ ఇచ్చారు. ఫోన్‌కి ఆర్నెల్లు బాగానే పనిచేసింది.

ఒకసారి దోమలపెంట దగ్గర వెనక టైరులో గాలి దిగింది. గాలి కొట్టే చిన్న మోటారు ఉంది కదా అని ఆ సాకెట్లో పెట్టాను. రెండు సెకన్లు తిరిగింది, బండి మొత్తం చచ్చింది. లైటు లేదు, హారన్ లేదు, స్టార్ట్ కాదు. ఆ మోటారు 8 నుంచి 10 యాంపులు లాగుతుంది. కీ లైనుకున్న ఫ్యూజే మొత్తం బండికీ ఫ్యూజు, అది పోయింది. సాయంత్రం ఐదున్నర. రాత్రి తొమ్మిదికి అడవి చెక్‌పోస్టు గేట్లు వేసేస్తారు, అడవి మధ్యలో ఇద్దరం. సైడ్ కవర్ విప్పితే ఫ్యూజు డబ్బాలోనే ఒక స్పేర్ ఫ్యూజు కనిపించింది. అది ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. మీ బండిలో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

వచ్చాక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టించాను. బ్యాటరీ ప్లస్ నుంచి సాకెట్‌కి వేరే లావు వైరు, దానికి సొంత ఫ్యూజు. కీ లైను రిలేని ఆన్ చెయ్యడానికి మాత్రమే. రిలే మీద నంబర్లు ఉంటాయి: 30కి బ్యాటరీ, 87 నుంచి సాకెట్‌కి, 86కి కీ లైను, 85 ఎర్త్. రిలే కాయిల్ తీసుకునేది చాలా తక్కువ కరెంటు, కీ లైను మీద బరువు పడదు.

ఆటోనగర్_వైరింగ్

బాగా చెప్పారు సార్. ఒక్క మాట కలుపుతా. పాత బళ్ళలో కొంతమంది రిలేకి వెనక లైటు వైరు ఇస్తారు. అది ఏసీ అయితే రిలే గిలగిల కొట్టుకుంటుంది, లోపలి పాయింట్లు కాలిపోతాయి. అక్కడా హారనో బ్రేక్ లైటో, డీసీ వైరే చూసుకోవాలి.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నది కూడా అడుగుతుంటారు. సాకెట్ దగ్గర కాదు, కనెక్షన్ మొదలైన చోట. బ్యాటరీ నుంచి అయితే ప్లస్‌కి జానెడు దూరంలోపు. మధ్యలో వైరు ట్యాంకు కింద ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆ ముందున్న ఫ్యూజే వైరుని కాపాడేది. పైనేమో పెట్రోలు ట్యాంకు. ఒక్క ఫోన్‌కైతే 3 యాంపుల ఫ్యూజు చాలు. కొట్టువాడు 15 ఇస్తే తీసుకోవద్దు, వైరు కాలాకే అది పోతుంది.

గులాబీరంగు_హెల్మెట్

అన్నయ్యా, నాది ఎలక్ట్రిక్ స్కూటర్, 60 వోల్టులది. తిరుపతిలో ఉంటాను. దానికి కూడా ఇదే పద్ధతా? ఇంత పెద్ద బ్యాటరీ ఉంది కదా, నేరుగా తీసుకోవచ్చేమో అనిపించింది.

ఆటోనగర్_వైరింగ్

వద్దమ్మా. పెద్ద బ్యాటరీ జోలికి వెళ్ళొద్దు. మార్కెట్లో దొరికే యూఎస్‌బీ సాకెట్ల మీద 12-24 వోల్టులు అని ఉంటుంది, 60 తగిలితే పేలుతుంది. పైగా అంత వోల్టేజీ చేతికి కూడా మంచిది కాదు. నీ స్కూటర్లో లైట్లకీ హారన్‌కీ 12 వోల్టులు తయారుచేసే కన్వర్టర్ ఉంటుంది, తీసుకుంటే అక్కడి నుంచే తీసుకోవాలి. అయితే అది మోయగలిగేది కొద్దిగానే. వారంటీ ఉందా?

గులాబీరంగు_హెల్మెట్

ఇంకో ఏడాదిన్నర ఉంది.

ఆటోనగర్_వైరింగ్

అయితే వైరు కోయించకు తల్లీ. వైరు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వమనే అవకాశం ఉంది. షోరూములోనే అడుగు, కంపెనీ సాకెట్ ఉంటే వాళ్ళ చేతనే పెట్టించు, బిల్లు తీసుకో.

గోదారి_గట్టు

వాన సంగతి ఎవరూ అనలేదు. మా రాజమండ్రిలో ఆషాఢం వచ్చిందంటే చాలు. హ్యాండిల్ మీద పైకి చూసేలా పెట్టిన సాకెట్లో నీళ్ళు నిలిచి, రెండు నెలలకే పిన్నులకి పచ్చగా చిలుము పట్టింది. ఫోన్ పెడితే "తేమ ఉంది" అని చూపించి ఛార్జింగ్ ఆపేసేది. ఇప్పుడు నేల వైపు చూసేలా, మూత ఉన్నది పెట్టాను. వైరు కూడా సాకెట్ దగ్గరికి కిందనుంచి పైకి వచ్చేలా ఒక వంపు ఇచ్చాను, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. రెండు వానాకాలాలు దాటింది, చిలుము లేదు.

జాయింట్లకి మామూలు టేపు చుట్టించకండి. ఎండకి జిగురు కరిగి జారిపోతుంది. హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే కుంచించుకుని వైరుని బిగించేది) వేయించండి, పది రూపాయల పని.

నల్లమల_బాటసారి

ఇంకొకటి. ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగిస్తున్నప్పుడు కెమెరా సంగతి ఆలోచించండి. ఎక్కువ శక్తి ఉన్న బైకు ఇంజన్ల వణుకు వల్ల ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని 2021 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీయే చెప్పింది. ఫొటో కదలకుండా చూసే చిన్న భాగం లోపల ఉంటుంది, ఎడతెగని వణుక్కి అది పాడవుతుంది. నా పాత ఫోన్‌కి అదే జరిగింది, ఏ ఫొటో తీసినా నీళ్ళలో చూసినట్టు వచ్చేది. వణుకు తగ్గించే రబ్బరు ఉన్న హోల్డర్ తీసుకోండి. ఇంట్లో పాత ఫోన్ ఉంటే మ్యాప్‌కి దాన్నే బిగించడం ఇంకా మేలు.

రాత్రిబండి_కూకట్‌పల్లి

అన్నలూ, నాలుగు రోజులు పట్టింది గానీ పని అయింది.

ఆటోనగర్ అన్న చెప్పిన పరీక్ష చేసిన. కీ ఆన్ చేసి హెడ్‌లైట్ వేస్తే వెలగలే. అంటే ఏసీ! మెకానిక్‌కు చూపిస్తే ఆయన కూడా ఒప్పుకున్నడు, తనే మీటరు తెచ్చిండు. హారన్ ప్లస్ వైరుకు కీ ఆన్‌ల 12.4, ఆఫ్ చేస్తే సున్నా. అక్కడికే కలిపినం. 3 యాంపుల ఫ్యూజు ఆ జాయింటు పక్కనే. పుత్లీబౌలిల లైటు లేని సాకెట్ వెతికి తెచ్చిన. మూత ఉన్నదే, నేల దిక్కు పెట్టిన. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీపించిన.

ఇంజన్ స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే బ్యాటరీ దగ్గర 13.8 వస్తుంది. ఫోన్ పెట్టి చూస్తే 13.6. నిన్న రాత్రి పదకొండుకు పని ముగించేసరికి ఫోన్‌ల 71 శాతం ఉంది. మ్యాప్ పొద్దుటినుంచి ఒక్కసారి గూడ ఆపలే.

ఒక్క డౌటు. రెస్టారెంట్ ముందర ఆర్డర్ కోసం అరగంట ఆగుతం. ఇంజన్ ఆపి, కీ ఆన్‌ల ఉంచి ఛార్జింగ్ పెట్టొచ్చా?

ఆటోనగర్_వైరింగ్

భేషుగ్గా చేయించావు తమ్ముడూ. ఇంజన్ ఆగాక మాత్రం కీ కూడా ఆపెయ్. ఫోన్ 5 వోల్టుల దగ్గర 2 యాంపులు తీసుకుంటే 10 వాట్లు. ఛార్జర్ లోపల 12 వోల్టులు 5గా మారేటప్పుడు పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి దాదాపు 1 యాంపు. అరగంటకి అర యాంపియర్ అవర్, నీ బ్యాటరీలో ఐదో వంతు. రోజుకి నాలుగుసార్లు అలా ఆగితే సాయంత్రానికి హారన్ గొంతు పూడుకుపోతుంది.

ఇంకొకటి చూసుకో. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరదాకా పూర్తిగా తిప్పు. కొత్త వైరు ఎక్కడైనా బిగుసుకుంటోందా, మెడ దగ్గర నలుగుతోందా? నలుగుతుంటే కేబుల్ టై కోసి, రెండు వేళ్ళ వదులు ఇచ్చి మళ్ళీ కట్టు.

రాత్రిబండి_కూకట్‌పల్లి

ఇప్పుడే చూసిన అన్నా. ఎడమ దిక్కు పూర్తిగా తిప్పితే బిగుస్తుంది. కోసి మళ్ళ కట్టిన, ఇప్పుడు ఫ్రీగ ఉంది. ఇక్కడ నాతోని ఉన్న ఇద్దరు పోరగాళ్ళు తమ బళ్ళకు గూడ హెడ్‌లైట్ పరీక్ష చేస్తున్నరు. ఒకరిది వెలిగింది, ఒకరిది వెలగలే.

ఆటోనగర్_వైరింగ్

వెలిగిన బండి ఏ సంవత్సరందో అడుగు. హారన్ వైరు రీడింగులు రెండూ ఇక్కడ పెట్టమను, చూసి చెబుతా.