మా ల్యాబ్రడార్ కుక్క ఛాతీ ఎక్స్‌రే చూసి "గుండె పెరిగింది" అన్నారు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

రాజోలు_లంక:
నమస్తే అండి. మా ల్యాబ్రడార్‌కి తొమ్మిదేళ్లు, 42 కిలోలు. నెలరోజులుగా తెల్లారగట్ల దగ్గుతున్నాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆఖర్న "ఖక్" అని ఆగుతాడు. నిన్న మనుషులకి తీసేచోట బతిమాలుకుని ఎక్స్‌రే తీయించాం. పక్కకి పడుకోబెట్టి ఒకటే ఫిల్ము. చూసినాయన "గుండె బాగా పెరిగింది, ఊపిరితిత్తులు తెల్లబడ్డాయి, ఇక జీవితాంతం మందులే" అన్నారు. వీడు తిండి మానలేదు, ఏటిగట్టు మీద నడకా మానలేదు. రాత్రంతా పక్కనే కూర్చున్నాం. ఫొటో పెడుతున్నాను. ఒక్క ఫిల్ముతో అంత మాట తేలిపోతుందా అండి?

పాలకొల్లు_వెట్:
ఫొటో చూసి రోగం పేరు చెప్పడం తప్పండి, చెప్పను. ఫిల్ము తీసిన తీరు మాత్రం చెప్తాను. ఇది కుక్క ఊపిరి వదిలాక తీసింది. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) ముందుకొచ్చి గుండెకి ఆనుకుపోయింది చూడండి. నిండా గాలి పీల్చినప్పుడు తీస్తే ఆ రెంటి మధ్యా నల్లటి సందు విచ్చుకుంటుంది. గాలి తక్కువున్న ఊపిరితిత్తి రోగం లేకపోయినా తెల్లగానే కనిపిస్తుంది, పైన కొవ్వు ఉంటే ఇంకాస్త. పక్కటెముకలు కూడా జతలు జతలుగా ఒకదానిమీద ఒకటి పడలేదు. అంటే ఒళ్లు తిరిగిపోయింది. అప్పుడు గుండె ఆకారాన్ని నమ్మలేం.

గుండె పెరిగిందో లేదో కంటి అంచనాతో చెప్పకూడదు, వెన్నుపూసలతో కొలవాలి. 1995లో బుకానన్, బుచెలర్ అనే పశువైద్యులు చెప్పిన పద్ధతి ఇది. ఓ కాగితం ముక్క తీసుకోండి. ఊపిరి గొట్టం రెండుగా చీలేచోటు అడుగు నుంచి గుండె మొన దాకా ఒక కొలత. దానికి అడ్డంగా, గుండె బాగా వెడల్పున్న చోట ఇంకో కొలత. రెంటినీ విడివిడిగా ఛాతీ నాలుగో పూస ముందంచు నుంచి వెన్ను వెంట పెట్టి, ఎన్ని పూసలు పట్టాయో చూసి కూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో వాళ్లకి వచ్చిన సగటు 9.7. మామూలుగా 10.5 దాటితే ఆలోచిస్తారు. కానీ ల్యాబ్రడార్లని విడిగా కొలిస్తే వాటి సగటే 10.8 వచ్చింది. జాతి చూడకుండా అంకె ఒక్కటే పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న కుక్కకి కూడా రోగం అంటగట్టేస్తాం.

ఈలోగా మీరొక పని చేయండి. వాడు గాఢనిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు డొక్క లేస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. 30 లోపు ఉంటే కంగారు పడొద్దు. రోజూ దాటుతుంటే మాత్రం ఆగొద్దు.

అమలాపురం_పామ్:
మా పొమెరేనియన్‌కి మూడు నెలలు గుండె మందులు వాడాం అండి. దగ్గు బాతు అరిచినట్టు ఉండేది. ఫిల్ములో ఏమీ కనపడలేదు. తర్వాత ఇంకో డాక్టరు గారు మెడతో కలిపి, ఊపిరి పీల్చినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి తీయించారు. పీల్చినప్పుడు మెడలో ఊపిరి గొట్టం సన్నటి దారంలా అయిపోయింది. మెడ దగ్గర పీల్చినప్పుడూ, ఛాతీ లోపల వదిలినప్పుడూ నొక్కుకుపోతుందట. మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే బెల్టు వాడుతున్నాం. సగం దగ్గు దాంతోనే పోయింది.

చెరువుగట్టు_భీమవరం:
మాది వేరే కథ. చేపల చెరువు కాపలా కుక్క, తిన్నది తిన్నట్టు కక్కేసేది, దగ్గు కూడా ఉండేది. పక్క ఫిల్ములో గుండెకీ డయాఫ్రంకీ మధ్య నిమ్మకాయంత గడ్డ. డాక్టరమ్మ గారు గడ్డ కంటే దాని పైనున్న పూసల్నే ఎక్కువసేపు చూశారు. పూసల అడుగున ముళ్లలా ఎముక పెరిగింది. "మీ కుక్క పేడపురుగులు తింటుందా?" అని అడిగారు. స్పైరోసెర్కా అనే పురుగట. పేడపురుగు ఒంట్లో పిల్ల దశలో ఉండి, కుక్క దాన్ని తిన్నాక పెద్ద రక్తనాళం గోడ వెంబడి పాకి అన్నవాహికలో గడ్డ కడుతుంది. పేడపురుగుల్ని తిన్న కోళ్లు, బల్లుల వల్లా వస్తుందన్నారు. మేం రోజూ కోళ్ల పేగులు పచ్చివే వేసేవాళ్లం. గొట్టం కెమెరాతో ఖాయం చేసుకుని డోరామెక్టిన్ సూదులు వేశారు, గడ్డ కరిగింది. పల్లెటూరి కుక్క దగ్గితే, కక్కితే ఈ సంగతి మర్చిపోకండి.

నర్సాపురం_రేవు:
మా కుక్కపిల్ల తిండి తినడం లేదని పసుపు కలిపిన పాలు నోరు పట్టుకుని నేనే పోశాను. రెండ్రోజులకి నెమ్ము. ఫిల్ములో కుడివైపు మధ్య భాగం తెల్లగా గడ్డకట్టినట్టుంది, ఆ తెలుపులోంచి గాలి గొట్టాలు నల్లటి చెట్టుకొమ్మల్లా కనపడ్డాయి. ఊపిరితిత్తిలోకి పాలు దిగితే ఎక్కువగా అక్కడే చేరుతుందన్నారు. బతికింది. ఆ రోజు నా చేతుల్లో అది గిలగిల్లాడింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. దయచేసి ఎవరూ బలవంతంగా పోయకండి.

పాలకొల్లు_వెట్:
పైన మర్చిపోయాను. నోరు తెరిచి, మెడ చాచి ఆయాసపడే కుక్కని వెల్లకిలా పడుకోబెట్టనివ్వకండి. ఆ మెలికలోనే ప్రాణం పోవచ్చు. ముందు ఆక్సిజన్, తర్వాతే ఫిల్ము, అదీ బోర్లా ఉంచి. క్యాన్సర్ పాకిందేమో చూడాలంటే కుడి, ఎడమ రెండు పక్కలా తీయాలి. కిందికి పడ్డ ఊపిరితిత్తి నొక్కుకుపోయి, అందులోని చిన్న గడ్డలు కనపడవు.

రాజోలు_లంక:
అందరికీ దండాలండి. పన్నెండు రాత్రులు లెక్కపెట్టాం, 18 నుంచి 22 మధ్యే ఉంది. మళ్లీ రెండు పక్కలా, బోర్లా కలిపి మూడు ఫిల్ములు తీయించాం. కొలత 10.7. ఛాతీ విన్నారు, గుండెలో అదనపు చప్పుడు లేదన్నారు. అల్ట్రాసౌండ్‌లో ఎడమ గది కూడా మామూలే. ఊపిరితిత్తుల్లో మాత్రం చిన్నచిన్న గారెల్లాంటి రింగులు, రైలు పట్టాల్లాంటి జంట గీతలు కనపడ్డాయి. గాలి గొట్టాల గోడలు మందమెక్కాయని, పాత బ్రాంకైటిస్ అని చెప్పారు. దోమలకని రోజూ సాయంత్రం కొబ్బరి డొక్కలు కాల్చి పొగ వేసేవాళ్లం, వాడు పక్కనే పడుకునేవాడు. అది మానేశాం. బరువు 34కి దించమన్నారు. పెరుగన్నం తగ్గించి ఏం పెడితే ఆకలి తీరుతుందో, ఇలా తగ్గించిన వాళ్లుంటే చెప్పండి.