‘ఊంచు’కీ ‘ఉమ్ము’కీ చుట్టరికం ఉందా?

మా అపార్ట్‌మెంట్ మెట్ల మూల, పాన్ మరకల పైన, ‘ఇచ్చట ఉమ్మివేయరాదు’ అని బోర్డు ఉంది. అదే మాట మా వాచ్‌మన్ ‘గీడ ఊంచకు’ అంటాడు. తెలంగాణలో ఇది మామూలు మాటే. కొందరి నోట ‘ఉంచు’ అని పొట్టిగా కూడా వినిపిస్తుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా ఆవిడ మొదట్లో దీన్ని ‘పెట్టు’ అనే అర్థమిచ్చే ‘ఉంచు’ అనుకుని తికమకపడింది.

‘ఉమ్ము’ సంగతి వరకు ఇబ్బంది లేదు. బ్రౌన్ నిఘంటువులో ‘ఉమియు’, ‘ఉమ్ము’ రెండూ ఉన్నాయి. తమిళంలో ‘ఉమిళ్’ కూడా ఆ కుటుంబమే. సంస్కృత ‘నిష్ఠీవనం’తో దీనికి పొత్తు లేదు. ‘తుపుక్కున’ సరే, చప్పుడును బట్టి పుట్టిన మాట. చిక్కంతా ‘ఊంచు’తోనే. చేతికందిన నిఘంటువులు తిరగేశాను, ఊళ్లో పెద్దవాళ్లనూ అడిగాను. ‘ఎప్పట్నుంచో అంతే అంటం’ అన్నారు తప్ప ఇంకేం దొరకలేదు.

‘ఉమియించు’ అరిగి ‘ఊంచు’ అయిందేమో అనుకున్నా. వినడానికి బాగానే ఉంది కానీ, ‘-ఇంచు’ చేరితే ‘ఉమ్మేలా చేయు’ అనే అర్థం రావాలి కదా! ఇక్కడ ఉమ్మేది మనిషే.

‘ఊంచు’ అనే క్రియ ‘ఉమియు’ నుంచే వచ్చిందా, లేక వేరే ధాతువా? పాత కావ్యంలోనో శాసనంలోనో ఈ అర్థంలో కనబడిన ప్రయోగం ఎవరికైనా తెలుసా?