గుర్రం, మానిక, ముత్తాత పాపం: మన నేల మీద వెస్టర్న్ నవల రాయవచ్చా?

చెరువుగట్టు (హనుమకొండ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. మా ముత్తాత నిజాం కాలంలో జనగామ వైపు ఒక ఊరికి పట్వారీ. రైతుల భూములను దొర పేరు మీదికి ఎక్కించిన కాగితాలు ఆయన చేతి మీదుగానే నడిచాయని మా బాపు పోయే ముందు నాతో చెప్పాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

నవలలో పట్వారీ 1948లో, జనం అప్పు పత్రాలను తగలబెడుతున్నారని తెలిసి, దస్త్రాల మూటను గుర్రానికి కట్టుకొని ములుగు అడవుల మీదుగా గోదావరి వైపు పారిపోతాడు. వెనుక ఒక మనిషి కాలినడకన వస్తుంటాడు. గుర్రం పరుగెత్తినా, ఆగినా ఇద్దరి మధ్య దూరం మాత్రం మారదు. రెండో భాగంలో మునిమనవడు ఇప్పటి హనుమకొండలో ఉంటాడు. ఆ ఇంట్లో పాత ఇత్తడి మానికతో కొలిచి వండిన అన్నం ప్రతిపూటా ఒక మనిషికి తక్కువ పడుతుంది.

మానిక మాత్రం కల్పితం కాదు. అంచు ఒకచోట నొక్కుకుపోయి ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. వడ్లు అప్పు ఇచ్చేటప్పుడు దీన్నీ, తిరిగి పుచ్చుకునేటప్పుడు ఇంకాస్త పెద్దదాన్నీ వాడేవారనీ, ఆ పెద్దది ఎక్కడో పోయిందనీ మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఎడారీ కౌబాయ్ లేని ఈ కథను వెస్టర్న్ అనవచ్చా? మాయను పాఠకుడి చేత ఎలా నమ్మించాలి? అన్నిటికంటే ముఖ్యంగా, ఏ తప్పూ చేయని మునిమనవడి చేత శిక్ష అనుభవింపజేయడం న్యాయమేనా?

మానేరు తీరం (కరీంనగర్) జవాబు

కృష్ణ గారు 1971లో కౌబాయ్‌గా కనిపించిన సినిమా కోసం రాజస్థాన్ ఎడారి దాకా వెళ్లవలసి వచ్చింది. అప్పటి నుంచీ వెస్టర్న్ అంటే ఇసుకా టోపీ అని మన మనసులో స్థిరపడిపోయింది. నా దృష్టిలో ఆ ప్రక్రియకు ప్రాణం ఎడారి కాదు, చట్టం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న.

టెక్సాస్, మెక్సికో సరిహద్దునే చూడండి. 1848 నాటి ఒప్పందం రియో గ్రాండే నదిని సరిహద్దుగా చేసింది. అమెరికా వైపు మిగిలిపోయిన మెక్సికన్ కుటుంబాల ఆస్తులను గౌరవిస్తామని అందులో మాట ఇచ్చినా, వాళ్లకు రాని భాషలో నడిచిన కోర్టులూ కొత్త కాగితాలూ కలిసి ఎన్నో కుటుంబాల భూమిని కాజేశాయి. 1918 జనవరి 28న పోర్వెనీర్ అనే పల్లెలో టెక్సాస్ రేంజర్లు, స్థానిక పశువుల ఆసాములు కలిసి మెక్సికన్ సంతతికి చెందిన 15 మంది మగవాళ్లను కాల్చి చంపారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. రేంజర్లంటే అక్కడ చట్టాన్ని కాపాడవలసినవాళ్లు! మరుసటి ఏడు కనాలెస్ అనే శాసనసభ్యుడు రేంజర్ల అకృత్యాల మీద విచారణ జరిపించాడు. కానీ ఆ హత్యాకాండకు రాష్ట్రం తరఫున ఒక స్మారక ఫలకం నిలబడటానికి 2018 దాకా పట్టింది. నూరేళ్లపాటు పైకి చెప్పుకోని నేరం మునిమనవళ్ల ఇళ్లలోకి దయ్యంగా రాకుండా ఎలా ఉంటుంది?

మన దగ్గర జరిగింది వేరే చరిత్రే అయినా కాగితం చేసిన పని మాత్రం ఒకటే. 1860లలో నిజాం దివాన్ సాలార్‌జంగ్ సంస్కరణలు వచ్చి పన్ను వసూలు గుత్తలు రద్దయ్యాక, అంతదాకా పన్ను వసూలు చేసిన దేశ్‌ముఖ్‌లలో చాలామంది సర్వేలను అడ్డం పెట్టుకొని, దున్నేవాడికి తెలియకుండానే భూములను తమ పేర రాయించుకున్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యే నాటికే ఆ కాగితాలు ఎందరినో నిలువ నీడ లేకుండా చేశాయి. కాబట్టి మీ కథలో దస్త్రాల మూటే తుపాకీ. దాన్ని గుర్రం మీది నుంచి ఎక్కడ దించుతారో, ఎవరి ముందు విప్పుతారో ముందు తేల్చుకోండి. ఎడారి సంగతి మరిచిపోండి.

అడవిదారి (ములుగు) జవాబు

నేను మాయ గురించి మాత్రమే చెబుతాను. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే మేడారం జాతరలో బెల్లాన్ని బంగారం అంటాం. మనిషి ఎత్తు బంగారం తూచి తల్లులకు ఇస్తాం. అది బెల్లమే కదా అని అక్కడ ఎవరూ అనరు, అది బంగారం ఎలా అయిందని ఎవరూ వివరించరు. సమ్మక్క కొడుకు జంపన్న యుద్ధంలో పడిపోయి సంపెంగ వాగు ఎర్రబారిందంటారు, అందుకే అది జంపన్న వాగు అయింది. చిన్నప్పుడు నన్ను ఆ వాగులో ముంచుతూ మా అమ్మ, “ఇది జంపన్న నెత్తురు బిడ్డా” అని చెప్పి, అదే గొంతుతో “చెవులు మూసుకో, నీళ్లు పోతాయి” అంది.

మీకు కావలసింది ఆ గొంతు. అన్నం తక్కువ పడితే మీ పాత్రలు నోరు వెళ్లబెట్టకూడదు. ఎవరో ఒకరు లేచి మరో గిన్నె పొయ్యి మీద పెట్టాలి. అది కల అనో, ఎవరికో మతి చెదిరిందనో చివర్లో తేల్చారంటే నవల అక్కడే చచ్చిపోతుంది. వెంబడించే మనిషిని కూడా దయ్యం అని పిలవకండి. దారిలోని గూడెంవాళ్లు అతనికి మంచినీళ్లు ఇచ్చి, గుర్రం ఎటు పోయిందో చెప్పి పంపనివ్వండి.

నల్లరేగడి (పాలకుర్తి) జవాబు

అన్నా, మీరు నిజాయితీగా అడిగారు కాబట్టి నేనూ దాచకుండా చెబుతున్నాను. మా నాయనమ్మ వాళ్లు గడీలో వెట్టి చేసినవాళ్లు, వానకాలంలో వడ్లు నాగుకు, అంటే అప్పుకు, తెచ్చుకొని పంట రాగానే వడ్డీతో కొలిచినవాళ్లు. మునిమనవడికి శిక్ష న్యాయమా అని మీరు అడుగుతున్నారు, అతని పేరు మీద ఇప్పుడు ఎన్ని ఎకరాలు ఉన్నాయో మాత్రం చెప్పలేదు. భూమి వారసత్వంగా వస్తే ఎవరూ న్యాయం గురించి అడగరు, దాంతోపాటు ఉసురు వచ్చినప్పుడే అడుగుతారు. మీ పట్వారీ వెనుక నడిచే మనిషికి కూడా పేరు లేదు. అతనికి ఒక ఊరూ, పెళ్లామూ, పోగొట్టుకున్న ఒక చెలకా ఇవ్వండి. లేకపోతే అతను మీ బాధను మోయడానికి పెట్టుకున్న మరో వెట్టివాడే అవుతాడు.

ఇంకొక మాట. రెండు మానికలు అవసరం లేదన్నా. మా నాయనమ్మ చేసి చూపించేది. ఇచ్చేటప్పుడు దొర మనిషి మానిక నింపి, అంచు మీదుగా అరచేయి లాగి గింజలను సమం చేసేవాడట. పుచ్చుకునేటప్పుడు గింజలు జారిపోయేదాకా గోపురంలా పోయించుకునేవాడట. మానిక అదే, చేయి మారేది. మీ ఇంట్లో పెద్ద మానిక పోలేదు, అసలు లేనే లేదేమో.

చెరువుగట్టు తిరిగి రాసినది

ముగ్గురికీ కృతజ్ఞతలు. నల్లరేగడి గారూ, మీరు అడిగింది దాటవేయను. జనగామ వైపు నాలుగున్నర ఎకరాలు ఇప్పటికీ మా పేరు మీదే ఉన్నాయి. అవి అంతకుముందు ఎవరి పేరున ఉండేవో పాత పహాణీలు తీయించి చూస్తాను. వెంబడించే మనిషి పేరు ఆ కాగితాల్లోనే దొరకవచ్చు, దొరికితే ఆ కుటుంబాన్ని కలవకుండా ఒక్క పేజీ కూడా రాయను.

మీ జవాబు చదివిన సాయంత్రమే, మా ఇంట్లో పని చేసే ఆమె బియ్యం చేబదులు అడిగితే అమ్మ అదే మానికతో కొలిచి ఇచ్చింది. మాట్లాడుతూనే నింపింది, మాట్లాడుతూనే అరచేయి అంచు మీదుగా లాగింది. నాలుగు గింజలు తిరిగి డబ్బాలో పడ్డాయి. అమ్మ వాటి వైపు చూడనైనా చూడలేదు.

పారిపోయే గుర్రంతో మొదలయ్యే అధ్యాయాన్ని పక్కన పెట్టాను.