అప్‌డేట్: షిబుయాలో ఇంగ్లీష్ స్టాండప్ చూసొచ్చాం

జపనీస్ రాని మాకు టోక్యోలో జపాన్ అలవాట్ల మీద ఇంగ్లీష్‌లో చేసే స్టాండప్ ఎక్కుతుందా అని అడిగాను కదా. శనివారం నేనూ మా ఆవిడా వెళ్లాం. హాయిగా అర్థమైంది.

చెత్తబుట్ట దొరక్క ఖాళీ సీసాతో ఊరంతా తిరిగే జోకుకి హాలంతా నవ్వింది. 1995లో టోక్యో సబ్‌వే రైళ్లలో జరిగిన సారిన్ విషవాయువు దాడి తర్వాత స్టేషన్లలో చాలా బుట్టలు తీసేశారు, అది తెలిసి వెళ్తే ఇంకా పేలుతుంది. మాంజాయ్ అనే జపాన్ జంట కామెడీలో తింగరిగా మాట్లాడే బొకే, వాణ్ని సరిదిద్దే త్సుక్కొమి ఇద్దరుంటారు. ఇక్కడ కమెడియన్ ఒక్కడే రెండూ చేసేశాడు, నాకు అదే నచ్చింది. చాప్‌స్టిక్స్ జోకులు మాత్రం పాతచింతకాయ పచ్చడే.

ముందు వరుసలో కూర్చుంటే ఆటపట్టిస్తారేమోనని టెన్షన్ పడ్డానుగా? మా ఊరు అడిగాడు, హైదరాబాద్ అన్నాం, బిర్యానీ అన్నాడు, అంతే.

టికెట్ కాక ఒక డ్రింక్ తప్పనిసరిగా కొనాలి. టిప్పులు లేవు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి రైళ్లు ఆగిపోతాయి, చూసుకోండి.